స్కాన్ ఉంది కదా అని అసలు పుస్తకాలు తూకానికి వేసేశారు, ఇప్పుడు పరిశోధన ఎలా?

నల్లకుంట_రాధిక
నా పీహెచ్‌డీ నిజాం కాలంలో హైదరాబాద్‌లో తెలుగు పుస్తకాలు ఎవరు చదివారు, ఎలా కొన్నారు, ఎవరి చేతులు మారాయి అన్న దాని మీద. 1920 నుంచి 1950 దాకా అనుకోండి. నగరంలో ఒక పాత లైబ్రరీలో (పేరు చెప్పను, అక్కడివాళ్ళతో నాకింకా పని ఉంది) ఆ కాలం పుస్తకాలు బీరువాల నిండా ఉండేవి. మొన్న వెళ్తే బీరువాలు ఖాళీ. "అన్నీ స్కాన్ అయిపోయాయమ్మా, ముట్టుకుంటే పొడి రాలుతోందని తూకానికి ఇచ్చేశాం, పీడీఎఫ్‌లు పెన్‌డ్రైవ్‌లో వేసిస్తా పట్టుకుపో" అన్నారు. మా గైడ్‌కి చెబితే ఆయన కూడా "పాఠం దొరికింది కదా, ఇంకేం కావాలి" అన్నారు.

నాకు పాఠం, అంటే లోపల అచ్చయిన మాటలు, ఒక్కటే చాలదు. పోయినేడాది అక్కడే ఒక నవల చూశాను. అట్ట లోపలి వైపు నీలం సిరాతో ఒకావిడ పేరు, కింద "1347 ఫసలీ, అన్నయ్య కొనిపెట్టినది" అని ఉంది. ముఖపత్రం (పుస్తకం పేరు, రచయిత పేరు ఉండే లోపలి మొదటి పేజీ) మీద వెల హాలీలో ఒకటి, కల్దారులో ఒకటి. తెలుగు, ఉర్దూ రెండూ ఉన్న రబ్బరు స్టాంపు. చివర ఖాళీ పేజీలో పెన్సిల్‌తో చాకలి పద్దు. నా థీసిస్‌కి కావలసిన చదువరి ఆవిడే! పీడీఎఫ్ తెరిస్తే నేరుగా ముఖపత్రంతో మొదలై కథ అయిపోగానే ఆగిపోయింది. అట్టా లేదు, ఆవిడా లేదు.

ఇంకా కొన్ని కట్టలు వాళ్ళ మెట్ల కింద ఉన్నాయి. వాటినైనా ఎలా ఆపించాలి? మా గైడ్‌కి ఏమని చెప్పాలి?

కోఠీ_కుర్రోడు
తూకానికి ఎప్పుడు వేశారు? వారం లోపైతే ఆశ ఉంది. గోడౌన్‌లో సరుకు పేరుకునేదాకా లారీ కదలదు. ఏ ఏరియా షాపో కనుక్కో అక్కా, నేను వెళ్ళి చూస్తా.

గణితం_సార్
హాలీ, కల్దారు అంటే ఏంటి? ఒక పుస్తకానికి రెండు ధరలెందుకు?

ఛత్తాబజార్
నిజాం రాజ్యానికి సొంత నాణెం ఉండేది సార్, హాలీ సిక్కా అనేవాళ్ళు. బ్రిటిష్ రూపాయి కల్దార్. ఆరు కల్దార్ రూపాయలకు ఏడు హాలీ రూపాయలు, అదీ లెక్క. ఇక్కడ కొనేవాళ్ళకి ఒక ధర, బెజవాడలోనో మద్రాసులోనో కొనేవాళ్ళకి ఇంకో ధర. అంటే ఆ పుస్తకం వేసినవాళ్ళు సరిహద్దుకు రెండు పక్కలా అమ్ముదామనుకున్నారు. ఫసలీ కూడా ఇక్కడి సర్కారీ లెక్కే. 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1347 అంటే 1937 అక్టోబర్ నుంచి 1938 అక్టోబర్ లోపు.

గణితం_సార్
ఒక్క పేజీలో ఇంత ఉందా!

రిటైర్డ్_లైబ్రేరియన్
రాధిక గారి బాధ అర్థమైంది. కానీ లైబ్రరీ వైపు నుంచి కూడా ఒక మాట వినండి, సర్వీసంతా లైబ్రరీల్లోనే గడిపినవాణ్ణి. ఖాళీ పోస్టులు నింపరు. వానాకాలం గోడ చెమ్మ పీలుస్తుంది, చెదలు ఒక అర మొదలుపెడితే వారంలో పక్క అరకి పాకుతాయి. పోటీ పరీక్షల పిల్లలు చోటు లేక మెట్ల మీద కూర్చుని చదువుతున్నారు. ఏడాదికి ఒక్కరు కూడా అడగని, పట్టుకుంటే విరిగే పుస్తకానికి బీరువా ఇవ్వాలా, ఆ పిల్లలకు కుర్చీ వేయాలా? రంగనాథన్ గారు 1931లో రాసిన సూత్రాల్లో మొదటిదే "పుస్తకాలున్నది వాడుకోవడానికి" అని.

ఇంకోటి. 2000 ఆగస్టు వరదలో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్ళొచ్చి ఉర్దూ పుస్తకాలు, పత్రికలు ఎంతలా తడిసిపోయాయో చూసినవాళ్ళకి తెలుసు. ఉన్నది ఒకటే ప్రతి అయితే ఒక్క రాత్రి వాన చాలు. అందుకే స్కాన్‌ని తిట్టకండి.

నల్లకుంట_రాధిక
సార్, స్కాన్‌ని తిట్టట్లేదు. నేను చదివిన వాటిలో చాలా వరకు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా (పాత పుస్తకాలు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టిన సర్కారీ ప్రాజెక్టు) పుణ్యమే, లేకపోతే ఊరూరా తిరగాల్సి వచ్చేది. స్కాన్ అయింది కాబట్టి అసలుది అక్కర్లేదు అన్న మాట దగ్గరే నా గొడవంతా.

స్కానింగ్_సెంటర్_మాజీ
డిగ్రీ అయ్యాక కొన్నాళ్ళు ఒక స్కానింగ్ సెంటర్‌లో పనిచేశాను. లోపల ఎలా ఉంటుందో చెబుతా. రోజుకి ఇన్ని పేజీలు అని టార్గెట్. ఖాళీ పేజీ వస్తే దాటెయ్యమనేవాళ్ళు. రాతలున్న ఖాళీ పేజీ కూడా వాళ్ళ లెక్కలో ఖాళీ పేజీయే. అట్ట మందంగా ఉండి గాజు సరిగ్గా ఆనదు, అందుకని అదీ వదిలేసేవాళ్ళం. అంతా నలుపు తెలుపులోనే. పసుపుపచ్చ కాగితం, నీలం సిరా, ఎర్ర స్టాంపు అన్నీ ఒకటే నలుపు. తర్వాత "క్లీనింగ్" అని ఒక సాఫ్ట్‌వేర్ ఉండేది, మార్జిన్లో మచ్చల్ని చెరిపేస్తుంది. పెన్సిల్ రాత కూడా దానికి మచ్చే.

కుట్టు బిగుతుగా ఉండి పేజీ తెరుచుకోకపోతే వెనక కోసేసి విడి కాగితాలుగా పెట్టేవాళ్ళం. స్కాన్ అయ్యాక దాన్ని మళ్ళీ ఎవరూ కుట్టరు. పొడి రాలుతోందని ఇచ్చేశాం అని రాధిక గారితో అన్నారు కదా, అలాంటి వాటిలో కొన్ని స్కాన్ టేబుల్ మీదే ఆ స్థితికి వచ్చి ఉంటాయి.

కోఠీ_కుర్రోడు
చదువుతుంటేనే కడుపు తరుక్కుపోతోంది.

అక్షరం_ముక్క
రాధికా, మీ గైడ్‌తో వాదనకి పనికొస్తుంది, రాసుకో. డి.ఎఫ్. మెకెంజీ అని గ్రంథ పరిశోధకుడు 1985లో బ్రిటిష్ లైబ్రరీలో ఉపన్యాసాలిచ్చాడు. ఆయన వాదం సారాంశం ఇది: అక్షరాల సైజు, మార్జిన్, కాగితం, బైండింగ్ ఇవన్నీ అర్థంలో భాగమే, రూపం మారితే చదివేవాడికి అందేది మారుతుంది, కాబట్టి పుస్తకాన్ని చదవడమంటే దాన్ని తయారుచేసిన, వాడిన మనుషుల్ని కూడా చదవడం. అంతకుముందే 1982లో రాబర్ట్ డార్న్‌టన్ ఒక వ్యాసంలో రచయిత, ప్రచురణకర్త, ముద్రాపకుడు, సరుకు మోసేవాడు, అమ్మేవాడు, చదువరి అంటూ పుస్తకం తిరిగే దారంతా గీసి చూపించాడు. నువ్వు చేస్తున్నది ఆ దారిలో చివరి మజిలీ. ఆ మజిలీకి సాక్ష్యం ప్రతిలోనే ఉంటుంది, పాఠంలో ఉండదు. "పాఠం దొరికింది కదా" అనే ఆయన ముందు ఇది పెట్టు.

గణితం_సార్
మెకెంజీ అంటే మన కైఫీయతుల (ఊళ్ళ చరిత్రలు) మెకంజీయేనా?

అక్షరం_ముక్క
కాదు సార్ :) ఆయన కాలిన్ మెకంజీ, సర్వే చేసినాయన, 1821లోనే పోయాడు. ఈయన న్యూజిలాండ్ ఆయన, మొన్నమొన్నటి మనిషి. ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెడితే మాత్రం ఆ కబుర్లకి నేను టిక్కెట్ కొనుక్కుని వెళ్తా.

తాటాకు_తిప్పలు
ఉస్మానియా ప్రాంగణంలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో తాళపత్రాల మీద పనిచేస్తున్నాను. మా దగ్గర ఈ ప్రశ్న పుట్టదు, ఎందుకంటే ఏ రెండు ప్రతులూ ఒకేలా ఉండవు. గంటంతో గీసి మసి రుద్దిన అక్షరం, ఆకుకి రెండు చిల్లులు, మధ్యలో తాడు, పైనా కిందా చెక్క. ఆకులు ఏ వరసలో కట్టారో చెప్పేది ఆ తాడే. రాయసగాడు చివర రాసుకున్న మాటలు చూడాలి మీరు, నడుం పట్టేసింది, మెడ వంగిపోయింది, కష్టపడి రాశాను జాగ్రత్తగా దాచండి అంటాడు. "తైలాద్రక్షేత్ జలాద్రక్షేత్ రక్షేత్ శిథిలబంధనాత్, మూర్ఖహస్తే న దాతవ్యం ఏవం వదతి పుస్తకమ్" అని ఇంకోటి ఉంది, నూనె నుంచి, నీళ్ళ నుంచి, వదులు కట్టు నుంచి కాపాడు, తెలివిలేనివాడి చేతికివ్వకు అని పుస్తకమే అడుగుతుంది. తాటాకు అనగానే అందరికీ భక్తి పుడుతుంది. 1930ల అచ్చు పుస్తకం అనగానే "వెయ్యి వేశారుగా, ఎక్కడో ఉంటుందిలే" అంటారు. ఆ ఎక్కడో అన్నది ఎక్కడా అని వెతకబోతేనే అసలు సంగతి తెలుస్తుంది.

బైండర్_బస్తీ
నేను బైండింగ్ పని చేస్తా, మా నాన్న కూడా ఇదే పని. అచ్చు పుస్తకం వెతికితే దొరకదని తాటాకు అన్న చెప్పింది నిజం. అంతకంటే పాత గుడ్డపేలికల కాగితం ఈనాటికీ గట్టిగుంటది. పాడయ్యేది మధ్యకాలం కాగితం. కలప గుజ్జుతో చేసి పటిక, రోజిన్ కలిపిందాంట్లో ఆమ్లం ఉంటది, అది లోపల్నుంచే తింటది. అందుకే మూలలు మడిస్తే చిప్స్ లెక్క విరుగుతయ్.

లైబ్రరీలోళ్ళు రీబైండింగ్‌కి పంపేటప్పుడు ఒక్క మాట చెప్పమనండి: అంచులు కటింగ్ మిషన్ల పెట్టొద్దు. మూడు పక్కలా నున్నగా కోస్తే చూడ్డానికి బాగుంటది, కానీ మార్జిన్ల రాసింది సగం పోతది. పాత అట్ట పీకి పారేయకుండా లోపల కుట్టేయొచ్చు. సెల్లోటేపు, ఫెవికాల్ అసలొద్దు. మైదా జిగురుల కొద్దిగా మైలుతుత్తం కలిపి వాడతం మేము, పురుగు పట్టదు. చెమ్మ తగిలిన పుస్తకం ఎర్రటెండలో పెట్టకండి, నీడన ఆరనియ్యండి.

రిటైర్డ్_లైబ్రేరియన్
కటింగ్ గురించి బాగా చెప్పావు బాబూ. టెండర్‌లో "మూడు వైపులా ట్రిమ్ చేయవలెను" అనే ఉంటుంది, ఆ వాక్యం మార్చే అధికారం లైబ్రేరియన్‌కి ఉండదు.

మూడో_తరం
నేను కాస్త వేరే మాట చెప్పాలి. ఎవరి పుస్తకాలు దాస్తున్నాం అన్నది కూడా చూడండి. మా తాతకి చదువు రాదు. సంతలో పెద్దబాలశిక్ష ఒకటి కొని తెచ్చి దూలం కింద గుడ్డలో చుట్టి పెట్టాడు, మా నాన్న ఎప్పటికైనా చదువుతాడని. మా ఇంట్లో చాలా ఏళ్ళు ఉన్న ఒకే ఒక్క పుస్తకం అది. దాని పాఠం మీకు ఏ షాపులో అయినా దొరుకుతుంది, మా తాత దాన్ని చుట్టిన గుడ్డ దొరకదు. మా మేనత్త రోజూ దానికి దణ్ణం పెట్టేది. కాలు తగిలితే కళ్ళకద్దుకోవడం అందరిళ్ళలోనూ ఉంది కానీ ముట్టుకోవడానికే వీల్లేని వాళ్ళింట్లోకి పుస్తకం వస్తే ఆ దణ్ణానికి ఉండే బరువు వేరు.

గుజిలీ ప్రతులు, యక్షగానాల చిన్న పుస్తకాలు, బుర్రకథలు, జాతర్లలో అణా అర్ధణాకి అమ్మినవి ఏ లైబ్రరీ కొన్నది? మా వాళ్ళు చదివించుకుని విన్నవి అవే. లైబ్రరీ కొనలేదు కాబట్టి స్కాన్ కూడా కాలేదు. బీరువాలో ఉన్నవాటి కోసం ఎంత గొడవ చేస్తున్నామో బీరువాలోకే రానివాటి కోసం కూడా అంత చేయాలి.

నల్లకుంట_రాధిక
అన్నా, ఇది నా థీసిస్‌లో ఒక అధ్యాయం కావాలి. ఆ పుస్తకం ఇప్పుడుందా?

మూడో_తరం
ఉంది. నాన్న దగ్గర. గుడ్డతో సహా.

స్క్రీన్‌రీడర్_వాడుకరి
నాకు చూపు లేదు. ఈ చర్చలో "అసలు పుస్తకం" అన్నప్పుడల్లా నాకొకటి అనిపిస్తుంది, ఆ అసలు పుస్తకం నాకెప్పుడూ గోడే. ఎవరో చదివి పెడితే తప్ప లోపలికి దారి లేదు. అలాగని స్కాన్ వచ్చాక దారి తెరుచుకుందా అంటే అదీ లేదు, ఎందుకంటే అది ఫోటో, అక్షరం కాదు. పాత అచ్చు తెలుగుని ఓసీఆర్‌కిస్తే (ఫోటోలోని అక్షరాన్ని టైపు అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేర్) ఒత్తులు ఎగిరిపోతాయి. కాబట్టి స్కాన్ చేసి పని అయిపోయింది అనుకునేవాళ్ళతో నాకూ పేచీ ఉంది.

పుస్తకం వస్తువుగా నాకు ఏమీ కాదని మాత్రం అనుకోకండి. సీసపు అచ్చుల కాలం పేజీ వెనక్కి తిప్పి వేలితో తడిమితే అక్షరం గుచ్చుకున్న గుర్తు తెలుస్తుంది. ఆఫ్‌సెట్ పేజీ నున్నగా జారిపోతుంది. పుస్తకం ఏ కాలం నాటిదో అట్ట చూడకుండానే మా ఫ్రెండ్స్ కంటే ముందు చెప్పేస్తుంటా.

సీరియల్_శారద
పైన ఎవరూ ఎత్తని సంగతి ఒకటి. మా అమ్మ, ఆవిడ తరం చాలామంది ఆడవాళ్ళు వారపత్రికల్లో సీరియల్ వస్తుంటే ప్రతివారం ఆ పేజీలు జాగ్రత్తగా విప్పి (చింపడం కాదు, పిన్ను తీసి విప్పడం) దాచుకునేవాళ్ళు. సీరియల్ అయిపోయాక చిక్కడపల్లిలో బైండు చేయించేవాళ్ళు. అలాంటివి మా ఇంట్లో ఒక ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి. తర్వాత అదే నవల పుస్తకంగా వచ్చింది, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటే కథ, కానీ ఒకటే పుస్తకం కాదు. అమ్మ ప్రతిలో కథ పేజీ వెనకే తలనొప్పి మాత్రల ప్రకటన, కుట్టు మిషన్ ప్రకటన, "ఈ వారం మీ రాశి", సగం తెగిపోయిన వంటల శీర్షిక. బొమ్మలు ఉన్నాయి. పుస్తకంగా వచ్చినప్పుడు బొమ్మలు తీసేశారు. ఒక వారం సంచిక దొరక్కపోతే పక్కింటావిడ దగ్గర తెచ్చుకుని ఆ భాగమంతా నోటుపుస్తకం కాగితాల మీద చేత్తో రాసి మధ్యలో కుట్టించింది! చివరి పేజీలో "అద్దెకివ్వబడదు" అని రాసి సంతకం. ఎందుకంటే అప్పట్లో వీధికో అద్దె పుస్తకాల షాపు, ఇంట్లో పుస్తకం ఉందంటే అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు.

యూనివర్సిటీలో ఆ నవల మీద పేపర్లు రాసినవాళ్ళున్నారు. వారం వారం ఎదురుచూస్తూ చదివిన ఆడవాళ్ళ గురించి అందులో ఒక్క వాక్యం ఉండదు. ఎందుకుండదంటే వాళ్ళ చేతిలో ఉన్నది తర్వాత వచ్చిన పుస్తకమే.

అక్షరం_ముక్క
శారదక్కా, ఆ ట్రంకు పెట్టె ఎవరికీ ఇవ్వకండి, తూకం మాట అసలు తలపెట్టకండి.

సీరియల్_శారద
ప్రాణం పోయినా ఇవ్వను.

ప్రెస్సు_లైన్
రాధిక గారికి ఇంకో ఆధారం. 1867 చట్టం ప్రకారం బ్రిటిష్ ఇండియాలో వేసిన ప్రతి పుస్తకం మీద ముద్రాపకుడి పేరు, ఊరు ఉండి తీరాలి. అందుకే పాత తెలుగు పుస్తకాల్లో ప్రెస్సు పేరు అంత కచ్చితంగా కనిపిస్తుంది. మనవాళ్ళు ఇంకా ముందుకెళ్ళి ఎన్ని ప్రతులు వేశారో కూడా ముఖపత్రం వెనక వేసేవాళ్ళు. ఆ పేజీని స్కాన్‌లో వదిలేస్తే ప్రచురణ చరిత్రే పోయినట్టు. 2023లో ఆ చట్టం స్థానంలో కొత్తది వచ్చింది, అందులో పుస్తకాల ఊసు లేదు, పత్రికల వరకే. కాబట్టి ఉన్న పాతవాటి విలువ ఇంకా పెరిగింది.

ఛత్తాబజార్
ఉర్దూలో ఇదే పని కాతిబ్ (చేత్తో రాసే లేఖకుడు) పేరు చేస్తుంది. రాతి అచ్చు కదా, కాతిబ్ చేత్తో రాసిందే రాయి మీదికెక్కి అచ్చయ్యేది. చాలా పుస్తకాల్లో ఆయన పేరు చివర్న ఉంటుంది. స్కాన్‌లో చివరి పేజీ కోసేస్తే మనిషినే కోసేసినట్టు.

మూడో_తరం
పుస్తకం భౌతికంగా ఉండటమే జవాబైన సందర్భం మన దగ్గరే ఉంది. తెలంగాణలో కవులు లేరన్న మాటకి సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక వేసి 354 మందిని ఒక్క చోట పెట్టారు. ఆ పుస్తకాన్ని టేబుల్ మీద పెడితే ఇంకో మాట అక్కర్లేకపోయింది.

కోఠీ_కుర్రోడు
అప్‌డేట్. అక్క విడిగా చెప్పిన ఏరియాలో షాపు దొరికింది. కాగితం పోయింది, మిల్లుకి వెళ్ళిపోయిందట. కానీ ఒక సంగతి. కాలికో (గుడ్డ అంటించిన) అట్టలు గుజ్జులో కలవవని మిల్లువాళ్ళు తీసుకోరట, అందుకని షాపాయన అట్టలు ముందే పీకి పక్కన గుట్ట పోశాడు. పెద్ద గుట్టే. చాలా వాటికి లోపల అంటించిన కాగితం అలాగే ఉంది, స్టాంపులున్నాయి, పేర్లున్నాయి, కొన్నింటికి మొదటి ఖాళీ పేజీ కూడా వేలాడుతోంది. రేపు పొద్దున దాకా కదపొద్దని డబ్బులిచ్చి వచ్చా.

నల్లకుంట_రాధిక
తమ్ముడూ!! పొద్దున్నే వస్తా. కానీ ఏ అట్ట ఏ పుస్తకానిదో ఎలా తెలుస్తుంది? వెనక పేర్లు చెరిగిపోయి ఉంటాయి కదా.

రిటైర్డ్_లైబ్రేరియన్
తెలుస్తుందమ్మా. అట్ట లోపల యాక్సెషన్ నంబర్, అంటే లైబ్రరీలోకి వచ్చిన ప్రతి పుస్తకానికి వేసే వరస నంబర్, ఉంటుంది. అదే నంబర్ ముఖపత్రం వెనక ఉంటుంది, ఇంకా ప్రతి లైబ్రరీకి ఒక రహస్య పేజీ ఉంటుంది, ఉదాహరణకి 27వ పేజీ అనుకో, ఎవరైనా ముందు పేజీలు చింపేసినా గుర్తుపట్టడానికి అక్కడ కూడా వేస్తాం. అది కథ మధ్యలో ఉంటుంది కాబట్టి స్కాన్‌లో చాలావరకు వచ్చి ఉంటుంది. నీ పెన్‌డ్రైవ్‌లోవి తెరిచి అన్నింట్లో ఒకే పేజీలో నంబర్ ఉందేమో చూడు. దొరికితే అట్టలూ పీడీఎఫ్‌లూ జతపడతాయి.

యాక్సెషన్ రిజిస్టర్ కూడా అడుగు. పుస్తకాలు ఇచ్చేసినా రిజిస్టర్ మాత్రం ఇవ్వరు, ఆడిట్‌కి కావాలి. అందులో ఎవరు దానం ఇచ్చారు, ఎంతకి కొన్నారు, ఏ షాపు నుంచి వచ్చింది అన్నీ ఉంటాయి. మెట్ల కింది కట్టల విషయం నాకొదిలెయ్. లైబ్రరీ పేరు నాకు విడిగా మెసేజ్ పెట్టు, కమిటీల్లో నాకు తెలిసినవాళ్ళున్నారు, స్టాక్ వెరిఫికేషన్ అయ్యేదాకా ఏదీ బయటికి పోకూడదని లెటర్ పెట్టిస్తా.

స్కానింగ్_సెంటర్_మాజీ
అట్టలు ఫోటో తీసేటప్పుడు నేనొస్తా. కిటికీ పక్కన పెట్టి వెలుతురు ఏటవాలుగా పడేలా తీస్తే పెన్సిల్ ఒత్తుడు, చెరిగిపోయిన స్టాంపు కూడా కనిపిస్తాయి. రంగులో తీయాలి, పక్కన స్కేలు పెట్టాలి, ఫైలు పేరు యాక్సెషన్ నంబరే. "క్లీనింగ్" మాత్రం చేయొద్దు.

బైండర్_బస్తీ
గోనె సంచుల్ల కుక్కకండి, మూలలు ఇరుగుతయ్. నా దగ్గర అట్టపెట్టెలున్నయ్, బండి మీద తెస్తా. ఎన్ని గంటలకో చెప్పండి.